సేఫ్టీ స్టాప్ దగ్గర నిలవలేకపోతున్నారా? ముందు నడుముకున్న బరువు తగ్గించి చూడండి

ఒక స్కూబా డైవర్ అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ: మనిషి బరువు 70 కిలోలు, ఒంటిమీద 3 మిల్లీమీటర్ల ఫుల్ వెట్‌సూట్ (నియోప్రీన్ అనే, గాలి గదులున్న రబ్బరుతో చేసిన సూటు), 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్, సముద్రపు నీళ్లు, ఇప్పటికి ఇరవై డైవ్‌లు. మొదట్లో నీళ్లలోకి దిగలేకపోతుంటే ఒక్కో కిలో కలుపుతూ పోయి నడుముకు కట్టుకునే సీసపు దిమ్మల బరువు 9 కిలోలకు చేరింది. ఇప్పుడు దిగడం సులువే. కానీ కింద కాళ్లు వాలిపోతున్నాయి, గాలి బడ్డీ (జతగా దిగే డైవర్) కంటే చాలా ముందే అయిపోతోంది, పైకి వచ్చేముందు ఆగాల్సిన 5 మీటర్ల దగ్గర (అదే సేఫ్టీ స్టాప్) బీసీడీలో (గాలి నింపి తేలుడు మార్చుకునే జాకెట్‌లో) గాలి కొట్టుకుని ఆగితే మూడు నిమిషాలు నిండకుండానే పైకి లేచిపోతున్నారు. ఇంకో కిలో కలపాలా అన్నది ప్రశ్న.

కలపొద్దు. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: "బీసీడీలో గాలి కొట్టుకుని" అన్నారు కదా, అక్కడ. డైవ్ ఆఖర్న సిలిండర్లో 50 బార్ (బార్ అంటే పీడనం కొలత) మిగిలి, 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు బీసీడీ దాదాపు ఖాళీగా ఉండాలి. డైవ్ మొత్తంలో మీరు అన్నిటికంటే తేలిగ్గా ఉండే సమయం అదే. ఆ సమయంలో కూడా గాలి నింపుకుంటే తప్ప నిలవలేకపోతున్నారంటే, ఆ గాలి మోస్తున్నది మీకు అక్కర్లేని సీసపు దిమ్మలను.

లెక్క చూడండి. మీకు నిజంగా కావలసింది 5 కిలోలే అనుకుందాం. మిగతా 4 కిలోలను మోయడానికి బీసీడీలో సుమారు 4 లీటర్ల గాలి కావాలి. లీటరు గాలి లీటరు నీళ్లను పక్కకు నెడుతుంది, అంటే ఇంచుమించు ఒక కిలోను ఎత్తుతుంది. 5 మీటర్ల దగ్గర పీడనం 1.5 బార్. అక్కణ్ణుంచి 3 మీటర్ల దగ్గరికి జరిగితే 1.3 బార్. ఆ 4 లీటర్లు ఇప్పుడు 4.6 లీటర్లు. బటన్ మీద వేలు కూడా పెట్టకుండానే 600 గ్రాముల తేలుడు వచ్చిపడింది. దాంతో ఇంకా పైకి, పైకి పోయేకొద్దీ ఇంకా ఉబ్బు. అదే 7 మీటర్లకు జారితే ఆ గాలి 3.5 లీటర్లకు నలిగిపోతుంది, అరకిలో బరువు పెరిగి ఇంకా కిందికి లాగుతుంది. గోడ అంచు మీద గోళీని నిలబెట్టాలని చూడటం లాంటిది ఇది, ఎటు కదిలినా అటే దొర్లిపోతుంది. బీసీడీ ఖాళీగా ఉన్న డైవర్‌కు మాత్రం అదే 5 నుంచి 3 మీటర్ల మధ్య ఉబ్బేది సూటు ఒక్కటే. 3 మిల్లీమీటర్ల సూటుకు అది దాదాపు 200 గ్రాములు. కొంచెం పొడవుగా ఊపిరి వదిలితే సరిపోతుంది.

మరి మొదట్లో ఎందుకు దిగలేకపోయారు? ఇది అర్థం కాకపోతే బరువు తీసిన మొదటి డైవ్‌లోనే మళ్లీ కలిపేస్తారు. కొత్తవాళ్లు పైన తేలిపోవడానికి మూడు కారణాలుంటాయి, సాధారణంగా మూడూ ఒకేసారి. ఒకటి, ఊపిరి. కంగారులో ఊపిరితిత్తుల పై సగంతోనే శ్వాసిస్తారు. పీల్చినది పూర్తిగా వదలకుండానే మళ్లీ పీలుస్తారు. అలా లోపల రెండు లీటర్లు అదనంగా ఉండిపోతే అది రెండు కిలోల తేలుడు. రెండు, బీసీడీలోనూ సూటులోనూ చిక్కుకున్న గాలి. ఇంకా తడవని వెట్‌సూట్‌తో నేరుగా దూకితే వీపు దగ్గర, చంకల్లో గాలి నిలిచిపోతుంది. బీసీడీలో ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని (గాలి నింపే, వదిలే బటన్లున్న గొట్టాన్ని) భుజం కంటే పైకి ఎత్తకపోతే బటన్ నొక్కినా గాలి బయటికి రాదు. గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తున్న చోటికే పోతుంది. మూడోది చాలామంది గమనించరు, కాళ్లు. నిటారుగా ఉండి ఫిన్స్ (పాదాలకు తొడిగే ఈత రెక్కలు) ఆడిస్తూ "మునగడం లేదు" అంటారు. నిటారుగా ఉన్నప్పుడు ఆడించిన ప్రతి ఫిన్ను పైకే తోస్తుంది.

అందుకని దిగేటప్పుడు ఇలా చెయ్యండి. దిగే ముందు నీళ్లలో ఒకసారి సూటు మెడ లాగి లోపలికి నీళ్లు పోనివ్వండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునే పరికరం) నోట్లో పెట్టుకుని నిటారుగా ఉండి, ఎడమ చేత్తో ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని నిలువుగా పైకెత్తి గాలి వదిలే బటన్ నొక్కి పట్టుకోండి, ఎడమ భుజం కొంచెం పైకి వంచండి. బుడగలు ఆగేదాకా బటన్ వదలొద్దు. చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే ఫిన్స్ వాటంతటవే ఆగుతాయి. ఇప్పుడు ఊపిరి వదలండి, వదిలింది చాలనిపించాక ఇంకా వదలండి. ఆ ఖాళీలో రెండు మూడు సెకన్లు ఉండండి. వెంటనే పీల్చేస్తే తల మునిగేలోపే మళ్లీ తేలతారు. తర్వాతి గుక్క చిన్నదిగా తీసుకుని మళ్లీ పొడవుగా వదలండి. మొదటి రెండు మూడు మీటర్లే కష్టం. అది దాటాక సూటు నలిగి దానంతటదే లాగుతుంది. చెవులు మాత్రం మొదటి మీటరు నుంచే సర్దుకుంటూ ఉండాలి, నొప్పి వచ్చేదాకా ఆగొద్దు.

ఇక కాళ్లు వాలడం, గాలి అయిపోవడం. ఈ రెండూ కూడా ఆ 4 కిలోల బిడ్డలే. బరువంతా నడుముకుంటుంది, బీసీడీలో గాలి ఛాతీ, భుజాల వైపు చేరుతుంది. పైభాగాన్ని ఒకటి ఎత్తుతుంటే నడుమును ఒకటి దించుతుంది, ఒళ్లు ఏటవాలుగా నిలుస్తుంది. ఏటవాలుగా ఉన్న మనిషి ఫిన్స్ ఆడిస్తే ముందుకు పోవడంతో పాటు పైకి కూడా పోతాడు. ఆ పైకి పోవడాన్ని సరిచెయ్యడానికి తెలియకుండానే బీసీడీలో గాలి తగ్గిస్తాడు. ఇప్పుడు అతను నిజానికి మునిగే బరువులో ఉన్నాడు, ఫిన్స్ ఆడించినంతసేపే లోతు నిలుస్తుంది. అంటే డైవంతా మెట్లెక్కుతున్నట్టే, గాలి ఎందుకు మిగులుతుంది? పైగా వాలిన ఒళ్లు నీళ్లకు అడ్డుగా నిలుస్తుంది, ఫిన్స్ కొట్టే నీళ్లు అడుగునున్న ఇసుకను లేపి పగడాల మీద పోస్తాయి. మీరు ఇందులో ఉన్నారో లేదో తెలుసుకోవడానికి పది సెకన్లు చాలు. అడుగు తగలని చోట, ఇసుకకు రెండు మీటర్ల ఎత్తున, అన్నీ ఆపేయండి. చేతులు ముందు కట్టుకోండి, ఫిన్స్ కదపొద్దు, మామూలుగా శ్వాసించండి. కిందికి దిగిపోతే ఇంతసేపూ మిమ్మల్ని మోసింది ఫిన్సే. కాళ్లు దిగి తల లేస్తే బరువు ఉన్న చోటు తప్పు.

అసలు బరువు ఎంతో తేల్చే పరీక్షను డైవ్ ఆఖర్నే చెయ్యాలి. కారణం గాలి బరువు. గాలి లీటరుకు సుమారు 1.2 గ్రాములు. మీ సిలిండర్లో 200 బార్ అంటే 2220 లీటర్లు, 2.7 కిలోలకు కొంచెం తక్కువ. 50 బార్‌కు వచ్చేసరికి అందులో 2 కిలోలు బుడగలై పోయి ఉంటాయి. అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో కాస్త మునిగే వైపు ఉంటుంది, 50 బార్ దగ్గర కిలోకు పైగా తేలుతుంది. కాబట్టి డైవ్ మొదట్లో సరిగ్గా తూగిన మనిషి ఆఖర్న 2 కిలోలు తేలతాడు. మొదట్లో 2 కిలోలు మునిగేలా ఉన్నవాడే ఆఖర్న తూగుతాడు. మొదట్లోని ఆ 2 కిలోలను మోయడానికే బీసీడీ ఉంది.

పరీక్షకు అలలు లేని చోటు, కిందికి వేలాడే తాడు, పక్కన బడ్డీ ఉండాలి. సిలిండర్లో 50 బార్, లోతు 3 నుంచి 5 మీటర్లు. సేఫ్టీ స్టాప్ పూర్తయ్యాక చెయ్యండి, దానికి ముందు కాదు. తాడును రెండు వేళ్లతో పట్టుకుని బీసీడీలోని గాలి మొత్తం తీసేయండి. ముందు నిటారుగా ఉండి గొట్టం ఎత్తి, తర్వాత కొంచెం ముందుకు వంగి వెనక డంప్ వాల్వ్ (గాలి వదిలే మూత) లాగి. ఒక నిమిషం మామూలుగా శ్వాసించి కుదురుకోండి. ఇప్పుడు వేళ్లు వదలండి. పీల్చినప్పుడు మెల్లగా పైకి, వదిలినప్పుడు మెల్లగా కిందికి వెళుతుంటే బరువు కుదిరినట్టే. బాగా పీల్చినా దిగిపోతుంటే ఎక్కువైంది. ఒక కిలో దిమ్మ తీసి తాడుకు కట్టిన సంచిలో వేసి మళ్లీ చూడండి. పూర్తిగా వదిలినా లేచిపోతుంటే తక్కువైంది, అదే సంచిలోంచి ఒక కిలో తీసి వేసుకోండి. మీ విషయంలో 9 నుంచి ఒకేసారి 5కి దూకొద్దు. డైవ్‌కు ఒక కిలో చొప్పున తగ్గించండి, రెండు కిలోలు గైడ్ దగ్గర అదనంగా ఉంచమనండి. శ్వాస, దిగే పద్ధతి కూడా బరువుతో పాటే మారాలి కదా. మీరు చెప్పిన సరంజామాకు 4 నుంచి 6 కిలోల మధ్య ఎక్కడో ఆగుతుందని నా అంచనా. కానీ ఒంట్లో కొవ్వు, కండ నిష్పత్తి ఒక్కటే రెండు కిలోల తేడా తెస్తుంది, అందుకే ఇంకొకరి అంకె మీకు పనికిరాదు. ఒంటి బరువులో పదో వంతు అనే లెక్క కూడా మొదటి రోజు పెట్టెలోంచి దిమ్మలు తీసుకోవడానికి తప్ప దేనికీ సరిపోదు.

డైవ్‌కు ముందే, నిండు సిలిండర్‌తో పైన చేసే పరీక్ష కూడా ఉంది. బీసీడీ ఖాళీ చేసి, రెగ్యులేటర్ నోట్లో ఉంచుకుని, మామూలు గుక్క పీల్చి పట్టి నిటారుగా కదలకుండా ఉంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. వదలగానే మునగాలి. అలా తూగిన బరువుకు, వాడబోయే గాలి బరువు, అంటే 2 కిలోలు కలుపుకోవాలి. ఊపిరి బిగపట్టడం ఈ పరీక్షలో, అదీ నీటి పైన మాత్రమే. కింద ఎప్పుడూ వద్దు.

తగ్గించడం మొదలుపెట్టాక కొందరికి అదొక పట్టుదల అవుతుంది, "నేను రెండు కిలోలతో దిగుతాను" అంటారు. అది ఇంకో వైపు ప్రమాదం. బరువు చాలనివాళ్లు ఆఖర్న 5 మీటర్ల దగ్గర తలకిందులుగా ఈదుతూ నిలవాలి. ఆగితీరాల్సిన చోట ఆగలేకపోవడం బరువు ఎక్కువ కావడం కంటే చెడ్డది. అనుకోకుండా 50 బార్ కంటే కిందికి వెళ్లాల్సి వచ్చి 20 బార్ దాకా వాడితే మీ సిలిండర్ ఇంకో 400 గ్రాములు తేలికవుతుంది. అందుకే పరీక్షలో తేలిన బరువు మీద అరకిలో ఎక్కువుంచుకోవడం సమంజసం. కిలోలకు కిలోలు కాదు.

బరువు ఎంతో తేలాక, ఎక్కడ అన్నది. 5 కిలోలుంటే మొత్తం బెల్టుకే ఎక్కించకండి. 3 కిలోలు బెల్టులో, చెరో కిలో బీసీడీ వెనక, సిలిండర్ పట్టీ దగ్గరుండే ట్రిమ్ జేబుల్లో (ట్రిమ్ అంటే నీళ్లలో ఒళ్లు నిలిచే తీరు). ఆ రెండు కిలోలు నడుము నుంచి భుజాల వైపు జరిగేసరికి చాలామందికి కాళ్లు లేస్తాయి. ఇంకా వాలుతుంటే సిలిండర్‌ను పట్టీలో రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరపండి. వాల్వ్ తలకు తగలకుండా, తల ఎత్తి ముందుకు చూడగలిగేలా ఉండాలి. డైవ్ ఆఖర్న అల్యూమినియం సిలిండర్ అడుగు భాగం తేలికై పైకి లేస్తుంది, కాబట్టి ట్రిమ్‌ను డైవ్ మొదట్లో కాకుండా సగంలో ఒకసారి, ఆఖర్న ఒకసారి చూసుకోండి. కాళ్లు వాలుతున్నాయని చీలమండలకు బరువులు కట్టుకోవడం మీకు పూర్తిగా తిరగబడిన వైద్యం. అవి కాళ్లు పైకి తేలేవాళ్లకు, ముఖ్యంగా డ్రైసూట్ (లోపలికి నీళ్లు రాని సూటు) వాళ్లకు.

బెల్టు గురించి ఒక్క మాట. బక్కిల్ కుడి చేత్తో ఒక్క లాగులో ఊడాలి, దాని మీద ఇంకే పట్టీ పడకూడదు. దిమ్మలు జారకుండా రెండు వైపులా క్లిప్పులుండాలి, లేకపోతే అవన్నీ ఒక పక్కకు చేరి ఒళ్లు గుండ్రంగా తిరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ సూటు నలిగి బెల్టు వదులవుతుంది, 10 మీటర్ల దగ్గర ఒకసారి బిగించుకోండి. కింద బెల్టు జారిపోతే మీరు ఆపుకోలేనంత వేగంగా పైకి లేస్తారు. బరువును రెండు చోట్ల పంచడానికి ఇది ఇంకో కారణం. నీటి పైన ఇబ్బందొస్తే మాత్రం మొదట చెయ్యాల్సింది బెల్టు వదిలేయడమే, సీసం పోయిందని చూసుకోవద్దు.

బరువు కుదిరాక మిగిలిన పనంతా ఊపిరిదే. మామూలు గుక్కకూ పెద్ద గుక్కకూ మధ్య ఒకటి రెండు లీటర్ల తేడా తేలిగ్గా ఉంటుంది, అంటే ఒకటి రెండు కిలోలు చేతిలో ఉన్నట్టు. బీసీడీ బటన్ పెద్ద తేడాలకు, ఊపిరి చిన్న తేడాలకు. దిగుతూ ఉండగా, అడుగు తగలకముందే, అరసెకను చొప్పున గాలి కొట్టి రెండు మూడు శ్వాసలు ఆగి చూడండి. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. పీల్చిన వెంటనే ఒళ్లు లేవదు, రెండు మూడు సెకన్లు పడుతుంది, ఎందుకంటే అప్పటికే కిందికి జారుతున్న ఒంటిని ముందు ఆపాలి, తర్వాత తిప్పాలి. ఆ ఆలస్యం తెలియక మళ్లీ కొడితే ఎక్కువైపోతుంది, వదిలితే తక్కువైపోతుంది, డైవంతా ఉయ్యాలే. ఎదురుగా రాయి ఉంటే దాన్ని చేరడానికి రెండు మీటర్ల ముందే కొంచెం ఎక్కువ పీల్చండి. రాయి దగ్గరికి వచ్చేసరికి లేస్తారు, దాటుతూ వదలండి. గొంతు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. నిండుగా పీల్చి బిగపట్టి ఒకటి రెండు మీటర్లు లేచినా, పైపైన ఉన్న లోతుల్లో, ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. పీల్చడం ఎక్కువ తక్కువ చెయ్యొచ్చు, ఆపకూడదు.

పైకి వచ్చేటప్పుడు వాయువు ఎక్కడ ఎంత ఉబ్బుతుందో గుర్తుంచుకోండి. 30 నుంచి 20 మీటర్లకు పీడనం 4 నుంచి 3 బార్, 10 నుంచి పైకి 2 నుంచి 1. ఆఖరి పది మీటర్లలోనే గాలి రెట్టింపవుతుంది. బయల్దేరే ముందే కొంచెం గాలి వదిలి, గొట్టాన్ని చేతిలో పట్టుకుని, ప్రతి ఒకటి రెండు మీటర్లకూ కొంచెం కొంచెం వదలండి. నిమిషానికి 9 మీటర్లకు మించొద్దు. అడ్డంగా పడుకుని ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కితే గాలి రాదు, అప్పుడు వెనక డంప్ వాల్వ్ వాడాలి, నడుము కాస్త పైకి ఎత్తి. వేగం చేతులు దాటిపోతుంటే నిటారుగా తిరిగి గొట్టం పైకెత్తి వదలండి, ఊపిరి వదులుతూనే ఉండండి. ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుని తనంతట తాను నింపుతుంటే ఒక చేత్తో డంప్ లాగుతూ ఇంకో చేత్తో సిలిండర్ నుంచి గాలి తెచ్చే గొట్టాన్ని దాని నుంచి ఊడదీయాలి. ఆ క్లిప్పు చేతికి అందేలా ఉందో లేదో ఒడ్డు మీదే చూసుకోండి. డైవ్ అయ్యాక బీసీడీలో చేరిన నీళ్లు తీసేయండి, లోపల నీళ్లుంటే గాలికి చోటు తగ్గి నీటి పైన కావలసినంత తేలుడు అందదు.

సరంజామా మారితే అంకె మారుతుంది. మంచినీళ్లలో దిగితే మీరు, సరంజామా కలిపి బరువు ఎంతో దానికి నూటికి రెండున్నర చొప్పున తగ్గించండి. మొత్తం 100 కిలోలుంటే 2.5 కిలోలు. అల్యూమినియం నుంచి ఉక్కు 12 లీటర్ల సిలిండర్‌కు మారితే రెండు కిలోల దాకా తగ్గొచ్చు, తయారీని బట్టి తేడా ఉంటుంది కాబట్టి పరీక్ష తప్పదు. 5 మిల్లీమీటర్ల సూటుకు మారితే రెండు మూడు కిలోలు పెరుగుతుంది. సూటు విడిగా ఎంత తేలుతుందో తెలియాలంటే దాన్ని గాలి పిండేసి వల సంచిలో పెట్టి, నీళ్లలో ముంచి, సరిగ్గా మునిగేదాకా దిమ్మలు వేస్తూ పోండి. ఒకేసారి రెండు వస్తువులు మార్చకండి, ఏది ఎంత మార్చిందో తెలియదు.

లాగ్‌బుక్‌లో ప్రతి డైవ్‌కూ ఐదు వివరాలు రాయండి: సూటు మందం, సిలిండర్ రకం, నీళ్లు ఉప్పువా మంచివా, మోసిన కిలోలు, సేఫ్టీ స్టాప్ దగ్గర మిగిలిన బార్. పక్కన ఒక ముక్క: "బీసీడీ ఖాళీ, నిలిచాను" లేదా "ఇంకా గాలి కొట్టాల్సి వచ్చింది". వంద డైవ్‌ల తర్వాత ఆ కిలోల అంకె దానంతటదే ఇంకో అరకిలో తగ్గితే ఆశ్చర్యపోకండి. నియోప్రీన్‌లోని గాలి గదులు వాడకంలో నలిగి సూటు పలచబడుతుంది, మీ ఊపిరీ అప్పటికి నెమ్మదించి ఉంటుంది.